తర్జుమా

డైరెక్టర్‌గారి ఏర్పాటు ప్రకారం ఆ రోజు అబద్ధం చెప్పాల్సినవాళ్ళు నలభై ఒక్కమంది. నలభైమంది పిల్లలు, ఒక దుబాసీ.

బాలకార్మికులను పని మాన్పించి చదివించే పథకానికి పరాయిదేశపు ప్రభుత్వం ఒకటి ఐదేళ్ళుగా నిధులు పంపుతోంది. వాటితో ఇక్కడ ఒక బడి నడుస్తోంది, కాగితం మీద. బడి భవనంలో మాత్రం పథకం డైరెక్టర్‌గారి బావమరిది చెప్పుల కార్ఖానా తాలూకు అట్టపెట్టెలుంటాయి. హాజరుపట్టీలో ఉన్న నలభైమందీ ఆ కార్ఖానాలో చెప్పుల అడుగులకి జిగురు పూస్తుంటారు. ఐదేళ్ళూ ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పుడు పథకం ఎలా సాగుతోందో కళ్ళారా చూసి నివేదిక రాయడానికి ఆ దేశం నుంచి ఒక అధికారిణి వస్తోంది.

ముందురోజు డైరెక్టర్ దుబాసీని గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఆవిడకి మన భాష ముక్క రాదు. పిల్లలకి ఏం చెప్పాలో బట్టీ పట్టించాం. ఎవరైనా నోరు జారితే నువ్వు సర్దెయ్యాలి."

"అలాగే సార్."

"పదకొండేళ్ళనుంచి కాంట్రాక్టు మీదే ఉన్నావు కదూ?" డైరెక్టర్ సొరుగులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. దుబాసీని పర్మనెంట్ చేస్తూ టైపు చేసిన ఉత్తర్వు. సంతకం ఒక్కటే తక్కువ. "రేపు గట్టెక్కించు, ఎల్లుండి ఇది నీది."

దుబాసీ తల ఊపాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, మంచాన పడ్డ అత్తగారు. పదకొండేళ్ళూ ఆ కాగితం కోసమే ఎదురుచూశాడు.

"ఇంకోటి. నేను మూగవాడిలా కూర్చుంటే బాగోదు. ఆవిడ భాషలో ఒక మాట నేర్పు."

దుబాసీ 'అవును' అనే మాట నేర్పాడు. డైరెక్టర్ సాయంత్రం దాకా సాధన చేశాడు.

మర్నాడు పొద్దున్నే కార్ఖానా వ్యానులో పిల్లలు దిగారు. అట్టపెట్టెల స్థానంలో బెంచీలు వచ్చాయి. ఆఫీసు గుమాస్తా చేతికి సుద్దముక్క ఇచ్చి మేష్టారుని చేశారు. కొత్త యూనిఫారాల మడతలు ఇంకా పోలేదు. గది నిండా జిగురు వాసన. కిటికీలన్నీ తీయించి, పిల్లల్ని చేతులు కట్టుకుని కూర్చోమన్నాడు డైరెక్టర్.

అధికారిణి వచ్చింది. సన్నగా, కళ్ళజోడుతో, మాటకి ముందు పెన్ను తీసే మనిషి. దుబాసీ ఆవిడ పక్కన కూర్చున్నాడు. పిల్లలు ఒక్కొక్కరే లేచారు.

"పొద్దున చదువుకుంటాం. సాయంత్రం ఆడుకుంటాం," అన్నాడు మొదటివాడు గోడకేసి చూస్తూ.

దుబాసీ తర్జుమా చేశాడు. ఆవిడ రాసుకుంది. డైరెక్టర్ చిరునవ్వుతో ఆవిడ భాషలో "అవును" అన్నాడు. ఆవిడ ఉలిక్కిపడి ఆయనకేసి చూసింది. తన ఉచ్చారణ అంత బాగుందన్నమాట అనుకుని ఆయన పొంగిపోయాడు.

అలా పన్నెండుమంది అయ్యారు. పదమూడో పిల్లకి తొమ్మిదేళ్ళుంటాయేమో. లేచి, అంతా మరిచిపోయి, "సార్, అన్నం ఇక్కడ పెడతారా, చెప్పుల షెడ్డుకి వెళ్ళాక పెడతారా?" అంది.

గుమాస్తా చేతిలో సుద్దముక్క విరిగింది. డైరెక్టర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. దుబాసీ మాత్రం తొణక్కుండా ఆవిడతో నాలుగు మాటలు చెప్పాడు. ఆవిడ ఆ పిల్లని దగ్గరికి పిలిచి తల నిమిరింది. సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి ఇచ్చింది.

డైరెక్టర్ ఊపిరి పీల్చుకున్నాడు. "అవును, అవును," అన్నాడు, ఈసారి రెండుసార్లు.

నలభైమందీ అయ్యాక ఆవిడ పిల్లల మధ్యకి వెళ్ళి అందరి చేతులూ పట్టుకుంది. ఒక్కో అరచెయ్యీ తిప్పి తిప్పి చూసింది.

"ఎంత ప్రేమోయ్!" అన్నాడు డైరెక్టర్ దుబాసీ చెవిలో.

"అవును సార్. మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా అని అడుగుతోంది."

"ఇదంతా నా ఒక్కడి చలవే అని చెప్పు. ఆగు, మా బావమరిది సహకారం కూడా చాలా ఉందను. రేపు వాడు నిష్ఠూరమాడతాడు."

దుబాసీ చెప్పాడు. ఆవిడ రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

"పిల్లలు మీ ఎదుటే మాట్లాడారని ప్రతి పేజీ మీదా సంతకం కావాలట సార్."

"దానికేం భాగ్యం!" నలభై పేజీల మీదా డైరెక్టర్ సంతకం చేశాడు, కింద చుట్టలు చుట్టి మరీ.

ఆవిడ ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. డైరెక్టర్ దుబాసీ భుజం తట్టాడు. "బతికించావోయ్. రేపటిదాకా ఎందుకు, ఆఫీసుకి పద. ఆ సంతకం కూడా ఇప్పుడే పెట్టేస్తాను."

"తొందరేం లేదు సార్," అన్నాడు దుబాసీ.

పిల్లలు వ్యాను ఎక్కబోతుండగా గేటు ముందు పోలీసు జీపు ఆగింది. వెనకాలే కార్మికశాఖ వాళ్ళ బస్సు. ఇన్‌స్పెక్టర్ నేరుగా వచ్చి డైరెక్టర్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమిటిది? ఈవిడ ఏం రాసింది? చదవవయ్యా!" అన్నాడు డైరెక్టర్.

దుబాసీ కాగితాలు అందుకుని మెల్లగా చదివాడు. "తమచేత కార్ఖానాలో పొద్దుటినుంచి రాత్రిదాకా పనిచేయిస్తున్నారని, ఈ ఒక్కరోజుకే బడికి తెచ్చారని పిల్లలంతా చెప్పారు. డైరెక్టర్ ప్రతి మాటనీ అక్కడికక్కడే ఒప్పుకుని సంతకం చేశారు."

డైరెక్టర్ నోరు వెళ్ళబెట్టాడు. "పిల్లలు ఆ మాట ఎప్పుడన్నారయ్యా?"

"వాళ్ళనలేదు సార్," అన్నాడు దుబాసీ, "నేనన్నాను."