లేని లైసెన్సు

మరకలు తీసే బల్ల కింద ఆమె ఎడమకాలు క్లచ్ తొక్కుతోంది.

పైన చేతులు ఎవరిదో తెల్లచొక్కా రుద్దుతున్నాయి. కింద కాలు మాత్రం వ్యాన్ నడుపుతోంది. లాండ్రీలో అందరికీ ఈ సంగతి తెలుసు. అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది.

లాండ్రీ వ్యాన్ నడిపే తాత త్వరలో మానేస్తున్నాడు. వెనకున్న ఖాళీ స్థలంలో ఆమెకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే.

"లైసెన్సు తెచ్చుకో తల్లీ, తాళాలు నీ చేతికిస్తా," అంది ఓనరమ్మ.

పరీక్ష సోమవారం. పాసైతే ఈ మరకల మందుల వాసన వదిలిపోతుంది. ఈ వాసనకే దగ్గు పట్టుకుంది, పని మార్చకపోతే లాభం లేదన్నాడు డాక్టరు.

శనివారం సాయంత్రం అన్నయ్య చెమటలు కక్కుకుంటూ ఇంట్లోకొచ్చాడు. సందు మలుపులో తను అడిగి తెచ్చుకున్న కారు ఒక సైకిలాయన్ని గుద్దేసిందట. కారే గుద్దేసిందట, తనేమీ చెయ్యలేదట. నోరు తెరిస్తే మందు కంపు.

"చెయ్యి విరిగింది, అంతే," అన్నాడు. విరిగింది తనది కాదు మరి.

అన్నయ్య డ్రైవరు. ఏ పనిలోనూ నిలవడు గానీ డ్రైవరే.

"పోలీసులొస్తారు. బండి నడిపింది నువ్వేనని చెప్పు. వాడు పడిపోయాడు, నన్ను చూళ్ళేదు."

"నాకు లైసెన్సే లేదు కదన్నయ్యా!"

"అందుకేగా చెప్పమంటోంది! నాకుంది కాబట్టి పోతుంది. నీకు లేనిది ఎలా పీకుతారే?"

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "నిజమేగా. జరిమానా ఏదో వాడే కట్టుకుంటాడు. వాడి పొట్ట కొట్టకమ్మా."

"సోమవారం నా పరీక్ష..."

"పరీక్ష ఎక్కడికీ పారిపోదులే," అన్నాడు అన్నయ్య. "అయినా మరకలు తీయడంలో నీ చెయ్యే చెయ్యి కదా!"

పోలీసులొచ్చారు. ఆమె నడిపానని చెప్పింది.

సోమవారం పరీక్ష జరగలేదు. కేసు తేలాక రమ్మన్నారు. తేలాక వెళ్ళింది.

లైసెన్సు ఆఫీసు కిటికీ అవతల గుమస్తా కంప్యూటర్లోకి చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీది సస్పెండ్ అయిందమ్మా."

"లేని లైసెన్సును ఎలా సస్పెండ్ చేస్తారండీ?"

"లైసెన్సును కాదు, బండి నడిపే హక్కును. మూడేళ్ళు. అప్పటిదాకా పరీక్షకు కూడా రానివ్వరు."

"నాకు అలాంటి హక్కు ఒకటుందని నాకే తెలీదండీ."

"ఇప్పుడు లేదుగా," అన్నాడు గుమస్తా. వెటకారం కాదు, ఉన్నమాటే చెప్పాడు. వెనకున్న వాళ్ళని రమ్మన్నాడు.

ఇంట్లో చెబితే అన్నయ్య పొలమారేలా నవ్వాడు.

"లేనిది కూడా పీకేశారా! గట్టివాళ్ళే!"

"నవ్వకురా, పాపం," అని అమ్మ వాడికే మంచినీళ్ళు అందించింది.

తాత మానేసిన రోజు ఓనరమ్మ ఆమెను పక్కకు పిలిచింది.

"బండి ఆగితే నాకు కుదరదు తల్లీ. మీ అన్నయ్య వచ్చి అడిగాడు. కాగితాలన్నీ చూశా, ఒక్క కేసు కూడా లేదు. ఇంత శుభ్రమైన డ్రైవరు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు?"

ఆ శుభ్రం ఎవరి చేతిపనో ఆమెకు నోటిదాకా మాట వచ్చింది. చెబితే పోలీసులకు అబద్ధం చెప్పినందుకు ఇంకో కేసు. దగ్గు వచ్చినట్టు దగ్గి, మళ్ళీ మరకల బల్ల దగ్గరికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున ఇంటి ముందు అన్నయ్య వ్యాన్ హారన్ మోగించాడు.

"ఎక్కు, ఎలాగూ అటే పోతున్నా. ముందు సీట్లో కాదు, అక్కడ కోట్లున్నాయి, నలుగుతాయి. వెనక కూర్చో."

వేలాడే బట్టల మధ్య, కింద, బకెట్ బోర్లించుకుని కూర్చుంది. ఇస్త్రీ చీరలు మొహానికి తగులుతున్నాయి. మలుపు దగ్గర వాడు గేరు మార్చడం ఆలస్యం చేశాడు. ఇంజను మూలిగింది.

ఆమె ఎడమకాలు రేకు మీద టక్కున పడింది. ఇంకో మలుపులో మళ్ళీ పడింది.

"ఏయ్, ఆ కాలు ఆపు. చిరాగ్గా ఉంది," అన్నాడు అన్నయ్య, అద్దంలోంచి చూసి.

ఆపేసింది.