తెర వాళ్లది

నవ్వు మీద చెప్పులు పడ్డాయి.

అక్క ఫోను తీసుకొచ్చి తమ్ముడి ముందు పెట్టింది. పోయిన వారం వాళ్ల వీడియో పాడ్‌కాస్ట్‌కి వచ్చిన దర్జీ ఒక జోకు చెప్పి, తనే పడీ పడీ నవ్వుతున్నాడు. సరిగ్గా అప్పుడే తెర కింది సగంలో చెప్పుల జత ప్రత్యక్షమైంది. దర్జీ నోరు కనపడలేదు.

“మళ్లీ బల్లి పనే,” అన్నాడు తమ్ముడు.

“ఎవరైనా నవ్వితే చాలు, తోక ఆడిస్తాడు.”

బల్లి అంటే ప్రకటనల కంపెనీ మనిషి. రికార్డింగ్ జరిగే ప్రతిసారీ వచ్చి, గది మూలలో గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఒళ్లో లాప్‌టాప్. ఏ మాట దగ్గర ఏ బొమ్మ పడాలో గుర్తులు పెడతాడు. మాట్లాడడు. టీ ఇస్తే తాగి, గ్లాసు కడిగిపెట్టి వెళ్తాడు.

వద్దనడానికి లేదు. గది అద్దె కట్టేది కంపెనీ. కెమెరా కంపెనీది. ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే తమ్ముడు ఒక్క ముక్కలో తేల్చాడు: “గొంతు మనది, తెర వాళ్లది.”

అక్క పగలంతా బ్యాంకు కౌంటర్లో కూర్చుని, సాయంత్రం ఇక్కడికొచ్చి మనుషుల కష్టసుఖాలు అడుగుతుంది. తమ్ముడు రికార్డు చేసి, కోసి, అతికించి, కంపెనీకి పంపుతాడు. ఆ తర్వాత దాని మొహం చూసే ఓపిక ఇద్దరికీ ఉండదు. జనం పంచుకునే నవ్వుల ముక్కలు ఫోన్లోకి వస్తే చూస్తారు. అంతే.

ఈసారి అలా వదిలేస్తే కుదరదు. బస్సు డ్రైవరు రావడానికి ఒప్పుకున్నాడు.

ఆయన కొడుకు బైకు మీద వెళ్తూ లారీ కింద పడి పోయాడు. బైకు కొనిచ్చింది ఆయనే. ఆ సంగతి ఆయన ఇంతవరకు ఎవరి ముందూ ఎత్తలేదు. అక్క ఆయన ఇంటి చుట్టూ తిరగ్గా తిరగ్గా సరేనన్నాడు.

“ఒక్కటేనమ్మా. వాడి గురించి చెబుతుంటే నా మొహం కింద సబ్బులూ చెప్పులూ రాకూడదు.”

“రావు బాబాయ్. పూచీ నాది.”

అక్క కంపెనీ మేనేజరుకి ఫోన్ చేసింది.

“మీ మనిషితో వేగలేకపోతున్నామండీ. నవ్వు కనపడితే చాలు, దాని మీద వేస్తాడు.”

“చూస్తామండీ.”

“చూడ్డం కాదు. డ్రైవరుగారి ఎపిసోడ్ ఒక్కటి ఖాళీగా వదలండి. ఇన్నాళ్లలో మిమ్మల్ని ఒక్క షరతైనా అడిగామా?”

“అడగలేదా?”

“ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. కావాలంటే మీ మనిషినే కనుక్కోండి.”

“కనుక్కుంటాం,” అన్నాడు మేనేజరు. “ఇక అతను రాడు లెండి. మెషిన్ పెడుతున్నాం. మాటలు విని, దానికి తగ్గట్టు అదే వేస్తుంది.”

“మరి డ్రైవరుగారిది?”

“అదీ తగ్గట్టే ఉంటుందండీ.”

అక్కకి ఆ మాట చాలింది.

బల్లి లాప్‌టాప్ వైరు తీసుకెళ్లడానికి వచ్చాడు. గుమ్మంలో ఆగాడు.

“డ్రైవరుగారి రికార్డింగ్ ఎప్పుడండీ?”

“మీకెందుకు?” అంది అక్క.

“ఆ ఒక్కదానికీ కూర్చుని వెళ్తాను.”

“ఆయన మీద కూడా చెప్పులు వెయ్యడానికా?” అన్నాడు తమ్ముడు.

బల్లి వైరు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. “టీ బాగుండేదండీ,” అని మెట్లు దిగాడు.

“పీడా పోయింది,” అంది అక్క.

డ్రైవరు ఉతికిన యూనిఫాంలో వచ్చాడు. నీళ్లు కూడా వద్దన్నాడు.

“కొనివ్వకపోతే అన్నం తిననన్నాడమ్మా. నేనే తాళం చేతిలో పెట్టాను.”

అక్కడ ఆగి, తన అరచెయ్యి చూసుకున్నాడు. తమ్ముడు కెమెరా వెనకాల కళ్లు తుడుచుకున్నాడు.

ఎపిసోడ్ బయటికొచ్చిన రోజు కౌంటరు ముందు వరస పెద్దదిగా ఉంది. అక్క ఫోను మోగింది.

“అమ్మా, మాటిచ్చావు.”

“ఏమైంది బాబాయ్?”

“చూడు.” డ్రైవరు ఫోన్ పెట్టేశాడు.

చూసింది. డ్రైవరు అరచెయ్యి చూసుకుంటున్నాడు. ఆ చెయ్యి కింద ఎర్ర బైకు. ‘ఈరోజే తాళం అందుకోండి.’

సాయంత్రం ఇద్దరూ పాత ఎపిసోడ్లు తెరిచారు. కంపెనీని కడిగెయ్యాలంటే ఇలాంటివి ఇంకొన్ని చేతిలో ఉండాలి.

భర్త పోయిన నర్సు ఏడుస్తోంది. తెర మీద ఏ బొమ్మా లేదు. కూతురు ఇల్లు వదిలిపోయిన మేస్త్రీ ఏడుస్తున్నాడు. అక్కడా లేదు. తమ్ముడు వీడియో వెనక్కి జరిపాడు, ముందుకు జరిపాడు. మేస్త్రీ మొహం తుడుచుకుని, మంచినీళ్లు తాగి, కూతురి చిన్నప్పటి అల్లరేదో గుర్తొచ్చి నవ్వాడు. అప్పుడు పడింది సబ్బు.

“అక్కా, ఈయన నవ్వేదాకా బల్లి ఆగాడే!”

అక్క మేనేజరుకి ఫోన్ చేసింది.

“ఆ మూల కూర్చునే ఆయన్ని మళ్లీ పంపండి.”

“ఉద్యోగంలోంచి తీసేశామండీ. జనం కన్నార్పకుండా చూసేది ఎవరైనా ఏడ్చేటప్పుడే. మాకు డబ్బులొచ్చే చోటు అదే. అతను అక్కడంతా ఖాళీ వదిలాడు.”

“మరి ఇన్నాళ్లూ ఎలా ఊరుకున్నారు?”

“మీవల్లేనండీ,” అన్నాడు మేనేజరు. “ఏడ్చేవాళ్ల మీద బొమ్మ పడితే షో ఆపేస్తానని మీరు మొదటిరోజే షరతు పెట్టారని చెబుతూ వచ్చాడు, మొన్న మీరు ఫోన్ చేసేదాకా మేమూ అదే నమ్మాం.”