పదకొండు నిమిషాలు

కింద ఫోన్ నంబరు కూడా వేయాలని షారన్ చెప్పగానే, సంతకం పెట్టబోతున్న జయరామయ్య పెన్నుకు మూత పెట్టేశాడు.

"నంబరెందుకమ్మాయ్?"

నంబరు లేకపోతే అర్జీ నిలబడదని ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. కాలవ నీళ్ళ ఫిర్యాదులకు ఫోన్ చేస్తే నిమిషానికి ఆరు రూపాయలు కోస్తున్నారని, అది ఉచితం చేయాలని విడవలూరంతా తిరిగి సంతకాలు తీసుకుంటోందట.

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఒకరి నష్టానికి ఇంకొకరు ఆదివారం పూట ఎండలో ఎందుకు తిరుగుతారన్నదే ఆయనకు అంతుపట్టలేదు. ఏ పార్టీ అని అడిగాడు. ఏదీ కాదంది. ఎవరు పంపారంటే ఎవరూ పంపలేదంది.

"ఏం పని చేస్తావు?"

షారన్ తల దించుకుంది. "నెల్లూరులోనండీ," అని మాత్రం అంది.

ఏం పనో అడిగితే ఊరు పేరు చెప్పిందంటే ఏదో దాస్తున్నట్టే. భార్య ప్రమీలమ్మ పెట్టేద్దామంటున్నా వినకుండా కాగితాలు తిరిగిచ్చేశాడు. ఆ పిల్ల మెట్లు దిగింది.

తెల్లారి పొలానికి వెళ్తే నారుమడి నెర్రెలిచ్చి ఉంది. కాలవలో చుక్క లేదు. గత్యంతరం లేక గట్టు మీద కూర్చుని ఆ ఫిర్యాదుల నంబరుకే ఫోన్ చేశాడు. ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, తర్వాత పాట మొదలైంది. పదకొండు నిమిషాలకు మనిషి గొంతు పలికింది.

జయరామయ్య పేరూ ఊరూ చెప్పి, నారు ఎండిపోతోందని మొరపెట్టుకున్నాడు. పనిలో పనిగా ఇంకో ఫిర్యాదు కూడా రాసుకోమన్నాడు.

"షారనని ఒక పిల్ల మా ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి ఫోన్ నంబర్లు రాసుకుంటా ఉంది. నాకు చానా అనుమానంగా ఉంది. కాస్త కనిపెట్టండి."

అవతలి గొంతు బాగా తగ్గి వినిపించింది.

"పెద్దాయనా, నీళ్ళ సంగతి రాసుకున్నాను, ముందు ఫోన్ పెట్టేయండి. మిమ్మల్ని ఇంకో పది నిమిషాలు లైన్లో ఉంచమని మాకు ఆర్డరు. నిన్న మీ గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పలేకపోయినాను."