లెక్క యాభై ఆరే

ఆమ్లంలో చంపి, గాజుపలక మీద చిదిమేసిన కణంలో ఇంకా ఏం కదులుతుంది? ఆ పరిశోధనశాలలో ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

గోధుమకూ, ఏళ్ళతరబడి చావకుండా చిగిర్చే గడ్డికీ పుట్టిన ఆ సంకరంలో క్రోమోజోములు యాభై ఆరు. రంగు వేస్తే గోధుమవి నలభై రెండు ఎర్రగా, గడ్డివి పద్నాలుగు పచ్చగా మెరవాలి. చీకటిగదిలో సూక్ష్మదర్శిని ముందు ఒంటరిగా కూర్చున్న పరిశోధకురాలికి మొదట అలాగే కనిపించాయి. కళ్ళు తుడుచుకుని చూస్తే పచ్చనివి పదిహేను. మళ్ళీ చూస్తే ఇరవై. పచ్చనిది ఒకటి పెరిగినప్పుడల్లా ఎర్రనిది ఒకటి తగ్గుతోంది.

సూక్ష్మదర్శినిలోకి తొంగిచూసి ఎన్నేళ్ళయిందో తనకే గుర్తులేని డైరెక్టరుకు ఆమె ఫోన్ చేసింది.

"సార్, మన సంకరం గింజలతో మిల్లు ఆడిస్తున్న ఆ పిండి ఆపించండి. గోధుమంతా గడ్డి అయిపోతోంది."

"మొత్తం ఎన్నమ్మా?"

"యాభై ఆరే, కానీ..."

"మరింకేం? లెక్క సరిపోయిందిగా! నీ చాదస్తానికి మిల్లు ఆగుతుందా? సరుకు నిన్ననే అంగళ్ళకు చేరింది. వెళ్ళి పడుకో తల్లీ."

కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికైనా ఇంత ధీమా ఉండదు.

ఆమె సూక్ష్మదర్శిని దీపం ఆర్పింది. గాజుపలక మీది పచ్చని వెలుగు ఆరలేదు. పక్కనే తెరిచి ఉన్న సంచిలో, ఆ కొత్తపిండితో చేసిన రొట్టె కూడా అలాగే పచ్చగా మెరుస్తోంది. అందులో సగం ఆమె మధ్యాహ్నమే తినేసింది.

నమ్మరా? మీ వంటింట్లోనూ పిండిడబ్బా ఉందిగా. లేవండి. దీపం ఆర్పి, మూత తీయండి.