పెట్టె తీసినదెవరు?

"తేజశ్రీ, పెట్టె నువ్వే తీశావా?"

కెనడాలోని ఒషావాలో మా ఇంటి బేస్‌మెంటులో అద్దెకుంటున్న ఆ విద్యార్థిని తల వంచుకుంది. "తీశానాంటీ."

నా అనుమానం నిజమైంది. కీర్తిశేషులైన మావారు ఏళ్ళ తరబడి సేకరించిన బొమ్మ సర్కస్ రైలులో, ఆవిరి ఈలలతో పాడే కాలియోపీ వాద్యమున్న పెట్టె మొన్నటినుంచి కనబడటం లేదు. ఆ రైలున్న బేస్‌మెంటులో తిరిగేది ఈమె ఒక్కతే. కనుక గది ఖాళీ చేయించాలని ముందే నిశ్చయించుకున్నాను.

"అమ్మేశావా?"

"అమ్మడమేంటాంటీ? తినేశా."

"పెట్టెనా?"

"అందులో నూడుల్స్. చర్చిలో దానమివ్వాలని మీరు మెట్లకింద పెట్టారుగా, ఆ పెట్టె. పార్ట్‌టైమ్ జాబ్ పోయిందాంటీ. ఇంకెక్కడా దొరకట్లేదు."

"నేనడిగింది రైలు పెట్టె."

"అదా? ఆ రైలు పట్టాలమీది బొమ్మ సొరంగంలో ఊడిపోయి ఉంది. ముట్టుకోవద్దన్నారని వదిలేశా." ఆమె గొంతు తగ్గింది. "రూమ్ ఖాళీ చేయాలా ఆంటీ?"

"అక్కర్లేదు" అని మాత్రం అనగలిగాను.

సొరంగంలోకి తొంగి చూడాలనిపించలేదు. మెట్లకింద మూత తెరిచి ఉన్న ఆ అట్టపెట్టెమీద 'ఆకలితో ఉన్న విద్యార్థులకు' అని రాసింది నేనే.