ఆరు బారల లోతున

జీవానందం నీళ్ళలోంచి పైకి తేలి, పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

"ఎందాకా పోయినావు?" అడిగాడు మేస్త్రి, చేతిలో తాడు వదలకుండానే.

"ఇంజను గది తలుపు కాడికి. లోపలంతా చీకటి. ఊపిరాడలా."

"సిలిండరు నిండుగా ఉండాది. నువ్వే పీల్చడం మానేసినావు."

"నాకు చేతగాదు మేస్త్రీ."

ఆ తలుపు వెనకే జీవానందం వాళ్ళ అన్న యెహోషువ శవం ఉంది. మునిగిన లాంచీకి మెకానిక్కు. నెల కిందట జువ్వలదిన్నె ఎదురుగా లాంచీ ఇసుకమేటకు కొట్టుకుని మునిగినప్పుడు ఆ గదిలోనే చిక్కుకుపోయాడు.

డ్రైవరు రంగనాయకులు తాగి నడిపాడని ఊరంతా చెప్పుకుంది. వాడి శవం మర్నాడే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తన వాళ్ళంటూ ఎవరూ రాకపోతే ఊరివాళ్ళే ఇసుకలో పూడ్చారు.

యెహోషువ మాత్రం పైకి రాలేదు. బిడ్డను సమాధి చేసుకోకుండా సొంతూరు కోవూరుకు తిరిగి పోనని తల్లి రెబెక్కమ్మ తీరంలోనే పాక వేసుకుని కూర్చుంది.

అప్పుడొచ్చాడు ఈ మేస్త్రి. అరవై దాటిన మనిషి. మద్రాసు రేవులో నీళ్ళ అడుక్కి దిగే డైవరుగా చేసి మానుకున్నాడట. లాంచీ మునిగిన వార్త పేపర్లో చూసి వచ్చాడట. వెంట రెండు గాలి సిలిండర్లు. 1963లో ఆ ఊళ్ళో అలాంటివి చూసినవాళ్ళు లేరు.

"ఇంజను ఊడదీసి అమ్ముకోను వచ్చుంటాడు. ఊరికే ఎవరొస్తారు?" అన్నాడు పడవ నడిపే హజరత్తయ్య.

జీవానందమూ అదే అనుకున్నాడు.

"నా ఊపిరితిత్తులు పాడైనాయి. దిగొద్దన్నాడు డాక్టరు. నీకు నేర్పిస్తా" అన్నాడు మేస్త్రి.

వరిపొలాల్లో పెరిగిన జీవానందానికి మోకాలు దాటిన నీళ్ళంటే వణుకు. పది రోజులు కాలవలో ముంచి లేపాడు మేస్త్రి. తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు.

"భయం పోవాలని చూడబాకు. అది ఉండనీ. ఊపిరి మాత్రం ఆపబాకు."

తీరా సముద్రంలో దిగితే ఇదీ సంగతి.

ఆ పూట అన్నం పెడుతూ రెబెక్కమ్మ రోజూ అనేమాటే అంది. "ఆ రంగనాయకుల్ని కన్నోళ్ళు కూడా నా మాదిరే ఏడవాల."

"ఏడస్తానే ఉంటార్లేమ్మా" అన్నాడు మేస్త్రి. ఇంకాస్త మజ్జిగ పోయించుకున్నాడు.

మర్నాడు పొద్దున జీవానందం దుప్పటి ముసుగు తియ్యలేదు.

"లెయ్యి అబ్బయా. ఇంకొక్కసారి."

"నీకు ఇంజను కావాలంటే నువ్వే దిగు, పో."

మేస్త్రి గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. ఒక సిలిండరు భుజానికెత్తుకుని, హజరత్తయ్యను పిలుచుకుని వెళ్ళిపోయాడు.

గంట తర్వాత పడవ ఒడ్డుకొచ్చింది. అందులో హజరత్తయ్య ఒక్కడే ఉన్నాడు.

"రెండుసార్లు తాడు గుంజినాడు. నేను వదిలినా. ఇంకా గుంజినాడు. ఇంకా వదిలినా."

"గుంజితే పైకి లాగమని గదన్నా!"

"చెప్పే దిగినాడు. వలకాడ రెండు గుంజులంటే తాడు వదలమని. ముప్పయ్యేళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే వదిలేసింది. మళ్ళా లాగితే రాలేదు."

జీవానందం రెండో సిలిండరు కట్టుకుని దూకాడు. ఆ రోజు భయం గుర్తే రాలేదు. వచ్చినా రాకపోయినా ఇక ఎవరికీ ఒరిగేది లేదు.

అడుగుకు పోయి చూస్తే, మేస్త్రి అప్పటికే తలుపు పగలగొట్టాడు. యెహోషువను బయటికి తెచ్చి, అతని నడుముకు తాడు కట్టాడు. వదులైన తాడు లాంచీ కమ్మీలకూ, మేస్త్రి గాలిగొట్టానికీ మెలిపడి, గాలి ఆగిపోయి ఉంది.

జీవానందం ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని పైకి తెచ్చాడు. ఎంత చక్కగా ఊపిరి పీల్చాడో చూడడానికి నేర్పినవాడు లేడు.

"నా బిడ్డ పక్కనే పెట్టండి ఆయన్ని" అంది రెబెక్కమ్మ. "ముందు వాళ్ళింటికి కబురు పంపాల. ఆయన సంచిలో అడ్రసుందేమో చూడు."

సంచిలో ఒక చొక్కా, తువ్వాలు, నలిగిన పోస్టుకార్డు ఉన్నాయి.

"గట్టిగా చదువు" అంది తల్లి.

జీవానందం చదివాడు.

"నాన్నగారికి నమస్కారములు. నేను క్షేమం. ఇక్కడ మెకానిక్ యెహోషువ నన్ను సొంత తమ్ముడి మాదిరి చూసుకుంటున్నాడు. నా గురించి దిగులు పెట్టుకోవద్దు. ఇట్లు, మీ కుమారుడు, రంగనాయకులు."