బాల్కనీలో మూడు వందలమంది

"ఎలా?" అని అడిగితే చాలు, నాకు విశ్వాసం లేదంటారు ఇంట్లో. పాస్టరైన నాన్న తన దర్శనాన్ని ఆదివారానికల్లా ఆచరణ ప్రణాళికగా రాసిపెట్టమన్నది మాత్రం నన్నే.

"ఆదివారం ఆరాధనకు కొత్త మందిరం బాల్కనీలో మూడు వందలమంది. రాసుకో," అన్నారు.

"ఇంజనీరు అరవైకి మించొద్దన్నాడు కదా నాన్నా!"

"దర్శనమిచ్చింది దేవుడా, ఇంజనీరా? ఎంత చదివినా నీకు నమ్మకం కుదరదేం తల్లీ?"

పెన్ను తీశాను. "సరే, తర్వాత ఏం చూశారు?"

ఆయన కళ్లు మెరిశాయి. "ఆరాధన మంచి ఊపులో ఉండగా ఉరుములాంటి శబ్దం. మందిరమంతా తెల్లని మేఘం కమ్మేసింది. చూస్తే అందరూ నేలమీద బోర్లా పడి ఉన్నారు. ఆత్మ దిగిందమ్మా!"

"మళ్లీ లేచారా?"

నాన్న కళ్లు మూసుకుని దర్శనాన్ని మళ్లీ గుర్తుచేసుకున్నారు. "లేవడం... చూడలేదు."

వెళ్లి బాల్కనీ మెట్ల తలుపుకు తాళం వేశాను. ఆదివారం ఎవరడిగినా తీయను.